పాత వెర్షన్ పెండ్లి

కొత్త వెర్షన్ అడిగింది:
ఈ ప్రాజెక్టు పాతది, మార్చి తెరవాలా?
సరే అంటిని.
నీలం గీత పాకతా ఉంది,
వన్ టౌన్ సందులో ఎద్దులబండి ఎనక
ఇరుక్కున్న ఆటో మాదిరి.

స్టూలు మీద ఉరుకుందమ్మ.
ఒళ్ళో కవరు, కవర్లో పసుపుగుడ్డ,
గుడ్డలో గీతలు పడిన డిస్కు.
ఏ ప్లేయరూ దాన్ని మింగదు,
మింగినా కక్కేస్తాంది.
"పెండ్లంతా వద్దు సామీ.
మాయన్న వచ్చినాడా లేదా, అంతే చూడాల.
పదహారేండ్లు మాటల్లేవు.
పోయినేడు ఆయప్ప పాయ, ఇంగెవర్ని అడిగేది?"

తెరుచుకుంది.
తెరంతా ఎరుపు.
మీడియా ఆఫ్‌లైన్.
తలంబ్రాల కాడ మీడియా ఆఫ్‌లైన్,
బువ్వంబంతి కాడ మీడియా ఆఫ్‌లైన్.
అను ఫాంటులో బంగారు రంగేసి కొట్టిన పేర్లు
కొక్కేలూ డాలరు గుర్తులూ అయి కూచున్నాయి.
ఇది నీ పేరేనమ్మా అంటే
"యూరియా మూట మీద అచ్చేసినట్టుందే" అనె.

టేపులు యాడుండాయో దారి చూపమంటాంది కొత్త వెర్షన్.
ఏ దారి చూపేది?
తుంగభద్రనా, హంద్రినా?
రెండువేల తొమ్మిది అక్టోబర్లో
రెండూ కలిసి మా అంగట్లోకొచ్చి
బీరువా తాళం తీయకుండానే
టేపులన్నీ చూసిపోయినాయి.
మా ఖాజన్న సీపీయూ నెత్తినబెట్టుకోని మిద్దెక్కె.
నేను కీబోర్డు పట్టుకోని ఎనకాలే పోతిని.
కీబోర్డే ఎందుకు పట్టుకుంటినో
ఇప్పటికీ తెలీదు.

బొమ్మలు పోయినా
కోతలు పోలేదు.
ఏది యాడ మొదలై యాడ తెగిందో
ఫ్రేముతో సహా అట్లే ఉంది.
పైన పచ్చపచ్చగా మార్కర్లు.
ఖాజన్నకు తెలుగు టైపు రాదు,
ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే కొట్టుకునేటోడు.
బంగారు అక్షరాలు చెడిపాయ గానీ
ఈ వంకర రాతలు ఒక్క పొల్లు పోలేదు.
చదివి వినిపిస్తిని:

ఇక్కడ చిన్నమ్మ ఏడుస్తుంది, కోయొద్దు.
పెండ్లికొడుకు ఆవులింత, తీసెయ్.
డోలు మూడో దెబ్బ మీద కట్.
పండ్లగంప పిల్ల నవ్వు,
దీన్ని రెండుసార్లు పెట్టు.

"ఆ పిల్ల మాయక్క కూతురు,
ఇప్పుడు ఎమ్మిగనూరులో టీచరు.
పన్ను ఊడింటాది, చూడు!"
అంటాంది ఎర్ర తెరను చూపించి.
చూస్తిని.
ఊడినట్టే ఉండె.

మూడో ట్రాకులో ఒక ముక్క
బూడిద రంగులో కనపడె.
తీసేసింది కాదు,
ఆపేసి పెట్టింది.
మార్కరు చదవడానికి నాకు గొంతు రాలేదు,
నీళ్ళు తాగి చదివితిని:
పందిరి బయట సైకిలు పట్టుకోని ఒకాయన.
పచ్చ టవలు. ముఖం కనపడదు.
లోపలికి రాడు, పోడు.
ఎవరో తెలీదు. ఉండనీ.

"ఎంతసేపు?"
ఏడు సెకన్లమ్మా, పైన పన్నెండు ఫ్రేములు.
ఏళ్ళ మీద లెక్క పెట్టుకుంది,
ఏడుకు శానాసేపు పట్టింది.
"పచ్చ టవలు కర్నూల్లో ఎవనికి లేదు?
పందిరి దాకా వచ్చి
లోపలికి రాకుండా, పోకుండా
నిలబడేటోడు మాత్రం ఒకడే."
ఇంక మాట్లాడలేదు.
కింద వెల్డింగు షాపు మోత
అప్పుడే నిలిచిపోయింది,
కరెంటు పోయిందేమో.
మా యూపీఎస్ కూస్తాంది.

"ఆ ఎర్రదే ఫోనుకు ఎక్కియ్యి."
ఏముందమ్మా అందులో?
"నువ్వు ఎక్కియ్యి."
ఎక్కిస్తిని, ఏడు సెకన్ల ఎరుపు.
యాభై ఇచ్చింది, వద్దన్నా
మౌసు కింద పెట్టిపాయ.

ఆమె పోయినంక
కొత్త వెర్షన్ మళ్ళీ అడిగింది:
సేవ్ చేస్తే
పాత వెర్షన్లో ఇది ఇంక తెరుచుకోదు.
పాత వెర్షన్ ఉండేది
ఖాజన్న వేళ్ళల్లోనే గదా,
ఆ వేళ్ళు మట్టికింద పడి నాలుగేండ్లు.
అయినా చెయ్యి ఆడలేదు కాసేపు.

ఫైలు పేరు చూస్తిని.
ఉరుకుందమ్మ పెండ్లి ఫైనల్ ఫైనల్ 2.
ఫైనల్ అని రెండుసార్లు రాసుకున్నాడు మహానుభావుడు.
రెండు తీసేసి
మూడు కొడితిని.